ఏవండీ, డీజిలండీ

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భయం లేదని కాదు నేను చెప్పేది, నమ్మకమే లేదు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. పోయినవాళ్ళు దేవుడి దగ్గరుంటారు, మన సందుల్లో తిరగరు అని మా నాన్న చిన్నప్పుడే చెప్పాడు. పైగా నేను లెక్కల టీచర్ని. స్టాఫ్ రూములో ఎవరైనా తెల్లచీర, గజ్జెల చప్పుడు అని మొదలుపెడితే, "మీరు విన్నారా, ఎవరో చెప్తే విన్నారా?" అని ఒక్క ప్రశ్నతో నోరు మూయించేదాన్ని. ఇప్పుడు అదే ప్రశ్న నన్నడిగితే నేనే విన్నానని ఒప్పుకోవాలి. అందుకే ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఒళ్ళు మండుతోంది.

మా అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. అత్త అంటే మా నాన్నకి సొంత అక్క, నా భర్తకి తల్లి. మాది మేనరికం. వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించాలి. మేముండేది ముదినేపల్లిలో, స్లాటు దొరికింది ఏలూరులో. కైకలూరు మీదుగా కొల్లేరు దాటి వెళ్ళాలి. మొదట్లో బస్సులోనే తీసుకెళ్ళేవాళ్ళం. వెళ్ళేటప్పుడు ఎలాగో కూర్చునేది. వచ్చేటప్పుడు నా ఒళ్ళో తల పెట్టి సొమ్మసిల్లిపోయేది. ఒకసారి వానకి బస్సులు ఆగిపోయి ఒక రోజు తప్పింది. మర్నాటికల్లా మొహం ఉబ్బిపోయి, ఊపిరాడక గిలగిల్లాడింది. ఇంకోసారి ఇలా తప్పితే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పేశారు.

అప్పుడు కారు కొనాలనుకున్నాం. కొత్తది మా వల్ల కాదు. ఏడాది వాడిన బండి చాలనుకున్నాం.

పెట్రోలా, డీజిలా అని ఇంట్లో పది రోజులు గొడవ. బావ డీజిలే అన్నాడు. మన తిరుగుడు ఎక్కువ, మైలేజీ వస్తుంది, ఇంజను గట్టిది అని. నేను పెట్రోల్ అన్నాను. డీజిల్ బండికి ఏదైనా వస్తే బాగుచేయడం కష్టం, కొల్లేరు మధ్యలో ఆగిపోతే అత్తనేం చేస్తాం అన్నాను. "నీకు బండ్ల సంగతి తెలీదులేవే" అన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ స్కూటర్ తప్ప ఇంకోటి నడపని మనిషి, నాతోపాటే డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి, నాకీ మాట చెప్పాడు.

తాడేపల్లిగూడెంలో వాడిన కార్లమ్మే షెడ్డుకి వెళ్ళాం. ఒకే మోడల్‌వి రెండున్నాయి. బూడిద రంగుది పెట్రోల్, తెల్లది డీజిల్. నేను ఇంజను గురించి అడుగుతుంటే ఆ షెడ్డాయన జవాబు బావకి చెప్తున్నాడు. మూడుసార్లు చూసి, "నేనండీ అడిగేది" అన్నాను. ఆయన నవ్వి, బావ వైపే తిరిగి, "ఆయ్, మేడంగారికి రంగు నచ్చితే చాలు కదండీ. తెలుపు లక్షణంగా ఉంటుందండీ" అన్నాడు. నా కోపం నషాళానికంటింది. బావ మాత్రం పళ్ళికిలించాడు. తెల్ల డీజిల్ బండే కొన్నాం.

ఒక విషయం అప్పుడే చూశాను. డీజిల్ పోసే ట్యాంకు మూత లోపల డీజిల్ అని కంపెనీవాళ్ళు అంటించే స్టిక్కరు ఉండాలి. అక్కడ జిగురు మరక తప్ప ఏమీ లేదు. అడిగితే, పాలిష్ కొట్టినప్పుడు పోయుంటుందండీ అన్నాడు. నేనూ పట్టించుకోలేదు.

అవి వేసవి సెలవులు. కొన్న వారానికి, సోమవారం పొద్దున్న అత్తని తీసుకుని బయల్దేరాం. కైకలూరు దాటాక ఒక బంకులో ఆగాం. నేను దిగి, రోడ్డు అవతల కొట్లో అత్తకి గొంతు తడుపుకోవడానికి చిన్న నీళ్ళ సీసా కొంటున్నాను.

ఇక్కడొక మాట చెప్పాలి. మావైపు ఏ బండికైనా 'పెట్రోల్ కొట్టించడం' అనే అంటాం. ట్రాక్టరు తోలేవాళ్ళు కూడా పెట్రోల్ కొట్టించుకొస్తానని వెళ్ళి డీజిల్ పోయించుకొస్తారు. నోటికి అలవాటైన మాట అది. బావకి స్కూటర్ అలవాటు కూడా తోడైంది. బంకులో పనిచేసే అమ్మాయితో, "ఫుల్ ట్యాంకు పెట్రోల్ కొట్టమ్మా" అనేశాడట.

నేను వచ్చి కూర్చోగానే, "నువ్వు చెప్పబట్టి సరిపోయిందే, లేకపోతే కొంప మునిగేది" అన్నాడు. ఏం చెప్పానన్నాను. "వెనకనుంచి 'ఏవండీ, డీజిలండీ' అన్నావు కదా" అన్నాడు. నేనసలు కార్లోనే లేను. చేతిలో నీళ్ళ సీసా చూపించాను. అత్త వెనకసీట్లో కళ్ళు మూసుకునే ఉంది. "నువ్వే అన్నావనుకున్నానే, ఆయాసపడుతున్నావేంటా అనుకున్నాను" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను నిన్నెప్పుడైనా ఏవండీ అన్నానా?" అని అడిగాను. పుట్టిందగ్గర్నుంచీ బావా అనే పిలిచాను, పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలుస్తున్నాను. ఎవరో ఏవండీ అంటే ఆఁ అని పలికాడు, పైగా అది నేనే అనుకున్నాడు! ఇన్నేళ్ళు కాపురం చేసి పెళ్ళాం గొంతు తెలియదా అని కొల్లేరు దాటేదాకా సాధించాను.

బంకు అమ్మాయే అనుంటుందని తేల్చుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆగి అడిగాను. "నేను కాదండీ. లోపల్నుంచి ఎవరో ఆడమనిషి అన్నారండీ. మీరే కదండీ?" అంది.

ఆ సాయంత్రం నెయిల్ పాలిష్ తీసుకుని ట్యాంకు మూత లోపల డీజిల్ అని పెద్దక్షరాలతో రాశాను. ఇక పొరపాటు జరిగే వీల్లేదు. అయినా గొంతు ఆగలేదు. తర్వాతి వారం బావ సరిగ్గా డీజిల్ అనే చెప్పాడు, అప్పుడేమీ వినిపించలేదు. ఆ పై వారం మళ్ళీ నోరు జారాడు. మూత ఇంకా తెరవనేలేదు, గొంతు వినిపించిందట. ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను.

నేను నమ్మలేదు. తల్లీకొడుకులిద్దరికీ చాదస్తం పట్టిందనుకున్నాను. ఒక శనివారం పొద్దున పదింటికి, ఎండ పెళ్ళున కాస్తుండగా, ఒక్కదాన్నే బండి తీసుకుని బయల్దేరాను. బంకులోకి వెళ్ళేముందు వెనకసీటు, డిక్కీ అన్నీ చూశాను. రేడియో ఆపాను. ఫోన్ స్విచాఫ్ చేశాను. నా వైపు అద్దం జానెడు దించి, "పెట్రోల్ కొట్టండి" అన్నాను, కావాలనే.

వెనకనుంచి వినిపించింది. "ఏవండీ... డీజిలండీ."

మగతలో విన్న గొంతు కాదు, మాయగొంతు కాదు. మామూలు ఆడమనిషి గొంతు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ, ఇంకా మెల్లిగా, "ఏవండీ" అంది. నేను వెనక్కి తిరిగాను. సీటు మీద అత్త తలకింద పెట్టుకునే దిండు తప్ప ఏమీ లేదు. బంకువాళ్ళకీ వినపడినట్టుంది, డీజిలే పోసి పంపేశారు. బండి తీసి రోడ్డు పక్కన ఆపుకుని చాలాసేపు కూర్చున్నాను. కానీ భయం కంటే ముందు కోపమే వచ్చింది. ఊపిరి ఆడని మనిషి కూడా అండీ, అండీ అని బతిమాలుతోంది. ఎవడా మొగుడు? ఎందుకు వినలేదు?

సోమవారం డయాలిసిస్ అయ్యాక అత్తని ఇంట్లో దించి, బావని లాక్కుని తాడేపల్లిగూడెం వెళ్ళాను. గొంతు సంగతి ఎత్తలేదు. ఈ బండిలో ఎవరైనా చనిపోయారా అని మాత్రం అడిగాను. షెడ్డాయన మొహం అటూ ఇటూ తిప్పి, చివరికి బావతోనే అన్నాడు. "యాక్సిడెంట్ కాదు కదండీ. బండికి చిన్న గీత కూడా పడలేదండీ. మనిషి పోతే బండికేం సంబంధమండీ?"

జబ్బు మనిషిని ఎక్కించుకోవడానికని చెప్పి మరీ కొన్నాం. మాకా మాట ముందు చెప్పాలా వద్దా? ఆ షెడ్డులో నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. బావ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. బండి ఇచ్చేద్దామన్నాడు. ఇచ్చేస్తే అత్త మళ్ళీ బస్సెక్కాలి, వానాకాలం నెత్తిమీదకొచ్చింది. ఉంచుకుంటే ఇదీ వరస.

బండి కాగితాల్లో మొదటి ఓనరు అడ్రసుంది. నల్లజర్ల. అక్కణ్ణుంచి అటే వెళ్ళాం.

ఎరువుల కొట్టు నడిపే ఆయన. నలభై దాటుంటాయి. చాలా మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. బండి ఫలానా అనగానే తల దించుకున్నాడు. ఆయన భార్య పేరు లలిత. ఉబ్బసం ఉందట. పుట్టింటికి కైకలూరు వచ్చినప్పుడు ఎక్కువైంది. ఏలూరు తీసుకెళ్దామని వెనకసీట్లో పడుకోబెట్టి బయల్దేరాడు. దారిలో బంకులో ఆగాడు.

"ఫోన్ మాట్లాడుతున్నానండీ. ఎరువుల లోడు గొడవ. అలవాటుగా పెట్రోల్ కొట్టమన్నాను. ఆవిడ చెప్పిందండీ."

"ఏమని చెప్పారు?" అన్నాను. అప్పటికి మేం విన్నది ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. దీనికి బావే సాక్షి.

"ఏవండీ, డీజిలండీ అంది. మళ్ళీ ఏవండీ అని పిలిచింది. ఫోన్లో ఉన్నాను కదా, నువ్వు మాట్లాడకు, ఊరుకో అని కసిరానండీ."

డీజిల్ ఇంజనులో పెట్రోల్ పడి, బండి కొల్లేరు మధ్యలో ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి ఆవిడ లేదు. తర్వాత ట్యాంకు కడిగించి, బాగుచేయించి అమ్మేశాడు. డీజిల్ అని రాసున్న ఆ స్టిక్కరు చూడలేక తనే గోళ్ళతో పీకేశానన్నాడు. "అంతా రాతండీ" అని ముగించాడు.

నేను లేచి నిలబడ్డాను. "రాత కాదండీ. మీరు వినలేదు. కట్టుకున్న మనిషి ఊపిరాడక చస్తూ చెప్తుంటే మీకు ఎరువుల లోడు ఎక్కువైంది. ఆ మాట ఆవిడ ఇంకా చెప్తూనే ఉంది, మేం వింటున్నాం" అనేశాను. బావ ఆపబోతే, "నువ్వూరుకో" అన్నాను.

ఆయన లేచొచ్చి నా ముందు నిలబడ్డాడు. ఒక్కసారి బండెక్కనివ్వండి అన్నాడు. నల్లజర్ల బంకుకే వెళ్ళాం. ఆయనే స్టీరింగు దగ్గర కూర్చుని, "పెట్రోల్ కొట్టండి" అన్నాడు. ఏమీ వినపడలేదు. ఎవరికీ వినపడలేదు. "లలితా" అని పిలిచాడు. బంకువాళ్ళు వింతగా చూశారు. మంచిపని చేశావమ్మా, పలకొద్దు అని నేను మనసులో అనుకున్నాను. డీజిలే పోయించి బయటికొచ్చాం. బండి నాకిచ్చేయండి అని చేతులు పట్టుకున్నాడు. ఇవ్వనన్నాను. అందులో మా అత్త ప్రాణం ఉందన్నాను.

ఇంటికొచ్చి అత్తకి అంతా చెప్పాం. బండి మార్చేద్దామా అని బావ అడిగాడు. "ఎందుకురా? నన్ను ఆ పిల్లే కదా కాపాడింది. నేనా బండిలోనే వెళ్తాను" అంది.

ఆ తర్వాత మాకు గొంతు వినపడలేదు. కావాలని పెట్రోల్ అని చూశాను, రెండుసార్లు. లేదు. సమాధానపడాల్సింది పోయి నాకు అదీ కోపమే తెప్పించింది.

నల్లజర్లాయన మాత్రం వదల్లేదు. ఆ రోజే బావనడిగి నా నంబరూ, డయాలిసిస్ రోజులూ తెలుసుకున్నాడట. డయాలిసిస్ రోజుల్లో పొద్దున్నే ఫోన్. బంకుకెళ్ళినప్పుడు ఒక్కసారి ఫోన్ కలిపి వెనకసీట్లో పెట్టండి, వింటాను అని. సిగ్గులేదా అని పెట్టేసేదాన్ని. అత్తే నన్ను తిట్టింది. "ఎత్తవే, పాపం. నా పక్కన పెట్టు" అంది. అప్పట్నుంచి బంకులో ఆగినప్పుడల్లా అత్త ఆ ఫోన్ స్పీకర్ పెట్టి తన పక్క సీటు మీద ఉంచేది. మేం ముగ్గురం నోరు మెదపకుండా కూర్చునేవాళ్ళం. ట్యాంకు నిండాక ఆయన థాంక్సండీ అని పెట్టేసేవాడు. నెలన్నర ఇలాగే జరిగింది.

మొన్నామధ్య ఒక శుక్రవారం. జోరువాన. డీజిల్ పోయిస్తున్నాం. ఫోన్ సీటు మీద ఉంది. ఏ చప్పుడూ లేదు, వాన తప్ప. ఉన్నట్టుండి ఆయన, "ఆఁ" అన్నాడు. ఎవరో పిలిస్తే పలికినట్టు. తర్వాత వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది.

"ఏమయ్యా?" అంది అత్త.

"వినపడిందండీ. ఆయాసం లేదండీ ఇవాళ. గొంతు తేటగా ఉంది."

"ఏమంది?"

"'ఏవండీ, ఇకనైనా ఆ ఫోన్ పెట్టేయండీ' అందండీ."

లైను కట్టయింది. మేం ముగ్గురం అదే కార్లో ఉన్నాం. మాకెవరికీ ఏమీ వినపడలేదు. అత్త ఫోన్ వైపు, ఖాళీ సీటు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన అబద్ధం చెప్పాడో, పిచ్చెక్కి అన్నాడో, నిజంగానే విన్నాడో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆ రోజు నుంచి ఆయన మాకు ఫోన్ చేయలేదు.