మోల్యేపంపలో పురుగు లేదని రాసిన నిన్ఫా

నిన్ఫా కొస్సీయో మొట్టమొదటి వ్యాసాన్ని నాలుగు వైద్య పత్రికలు తిప్పికొట్టాక ఐదోది అచ్చువేసింది. కోళ్ళగూళ్ళ పగుళ్ళలో వించూకా పురుగు ఎలా కాపురం పెడుతుందో అందులో రాసింది. నిద్రపోయేవాళ్ళ మొహం మీద కుట్టి, ఏళ్ళ తరబడి లోలోపలే గుండెను తినేసే రోగాన్ని అంటించే పురుగు అది. నిన్ఫా తండ్రి పోయింది దానివల్లే. ఆ వ్యాసాన్ని మొదట తన రాతలో పేర్కొన్నది అర్జెంటీనాలో ఎవరో డాక్టరు. ఆ కబురు అందిన రోజు ఆమె జ్ఞానతల్లి సటుర్నినా కుండ దించి ఊరందరికీ చిచా, అదే మొక్కజొన్న కల్లు, పోసింది.

అక్కణ్ణుంచి వెనక్కి చూసింది లేదు. అరవై ఒక్క వ్యాసాలు! గొర్రెలు కాసిన మన పిల్ల మాటను బ్రెజిల్ వాళ్ళు, మెక్సికో వాళ్ళు సాక్ష్యంగా తెచ్చుకుంటున్నారు. అన్నిటికన్నా పేరు తెచ్చింది మన ఊరి మీద రాసిందే. గోడలు మెత్తి మందు కొట్టాక మోల్యేపంపలో ఐదేళ్ళుగా పురుగన్నదే లేదని అందులో ఉంది. దాన్నొక్కదాన్నే తొమ్మిది వందల మంది తమ రాతల్లో పేర్కొన్నారు. చిచా తాగి ఎవడు తగువుకు దిగినా చివరికి "తొమ్మిది వందలు!" అని అరిచి కూర్చునేవాడు.

పురుగు కనబడితే అగ్గిపెట్టెలో మూసి సటుర్నినాకు ఇవ్వడం, ఆమె దాన్ని పట్నంలో ఉన్న నిన్ఫాకు పంపడం ఊరి వాడుక. ఆ ఐదేళ్ళలోనే కాదు, తర్వాతా ఒక్క పెట్టె రాలేదు.

ఈ మే నెలలో గుడ్లు తీయబోయిన సటుర్నినాకు తన కోళ్ళగూటి గోడలోనే పురుగు కనబడింది. దాన్ని అగ్గిపెట్టెలో మూసి, పక్కింటి దొరోతేయో దగ్గరికి పరుగెత్తింది.

"ఓసి పిచ్చిదానా, కోడికి వేసెయ్యకపోయావా?" అన్నాడతను. "నేను ఎప్పట్నుంచో చేస్తున్న పనే అది. ఎగువ ఇళ్ళవాళ్ళూ అంతే. మా కోళ్ళు ఊరికే బలిశాయనుకున్నావా?"

"నాతో ఒక్క మాట చెప్పలేదేం, దొంగమొహమా?"

"చెప్తే నువ్వు పెట్టె పంపుతావు. పెట్టె వెళ్తే పిల్ల రాసింది అబద్ధమవుతుంది. మా ఇంటి పురుగు వల్ల నిన్ఫా పేరు పోవాలా?"

ఆ రోజు నుంచి సటుర్నినాకు తిన్నది వంటబట్టలేదు. లా పాస్‌లో పెద్ద పరిశోధనశాలకు నిన్ఫాను అధిపతిని చేయాలా వద్దా అని పెద్దలు తేల్చేది జూన్‌లోనే. వాళ్ళు తూచేది ఆమె వ్యాసాలను. పెట్టె తెరిస్తే పిల్ల గతి ఏమిటి? తెరవకపోతే?

వారం తిరక్కుండానే దొరోతేయో మనవరాలికి ఒక కన్ను మాత్రం బంగాళాదుంపలా వాచి, జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది.

"చీమ కుట్టిందిలే," అంది పిల్ల తల్లి, ఎవరి మొహమూ చూడకుండా.

ఒంటి కన్ను వాపు అంటే వించూకా కుట్టిన గుర్తేనని ఈ లోయలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

లా పాస్ వెళ్ళే ముందు దీవెన తీసుకోవడానికి ఆదివారం నిన్ఫా వచ్చింది. సటుర్నినా ఉడికించిన మొక్కజొన్న, జున్ను పెట్టి, పక్కన అగ్గిపెట్టె ఉంచింది.

"ఏంటమ్మా, కానుకా? ఉంగరమైతే నా వేలికి పట్టదు," అని నవ్వుతూ తెరిచింది నిన్ఫా. లోపల పురుగు కాళ్ళు కదిలించింది.

"ఎవరింటిది?"

"మనింటిదే. ఊరందరి ఇళ్ళలోనూ ఉన్నాయి తల్లీ. దాచారు."

గుమ్మంలో దొరోతేయో టోపీ చేత్తో నలుపుతున్నాడు. "నీ మంచికే అనుకున్నాం."

"నా మంచి సరే మామా. ఆ వ్యాసం చూసి అవతలి లోయల్లో మందు కొట్టడం మానేశారు. అక్కడి పిల్లల సంగతేంటి?" అంది నిన్ఫా. "మీరొక్కరే కాదులే. నేనూ పెట్టెలు రాలేదని మురిసిపోయానే గానీ, మళ్ళీ వచ్చి ఒక్క గోడా తడమలేదు."

దొరోతేయో మనవరాలి కన్ను సంగతి విన్నాక, ముందు ఆ పసిదాని నెత్తురు తీసింది. "తొందరగానే పట్టుకున్నాం, మందుతో పోతుంది," అంది. అంటూనే సీసా మూత రెండుసార్లు జారవిడిచింది. సటుర్నినా చూసింది.

"లా పాస్ పెద్దలు నిన్ను కుర్చీలో కూర్చోబెట్టాక చెప్పొచ్చుగా తల్లీ?"

"అప్పుడు నోరు పెగలదమ్మా."

పెట్టెను సంచిలో వేసుకుని మర్నాటి ట్రక్కులో వెళ్ళిపోయింది. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాసిందట, పెద్దలకూ తనే చెప్పిందట. వాళ్ళేం తేల్చారో ఇంకా తెలియదు. పసిదాని నెత్తురులో ఏముందో అదీ తెలియదు. కన్ను వాపు మాత్రం కాస్త తీసింది.

"ఒకటి పోతే అరవై ఉన్నాయి," అంటున్నాడు దొరోతేయో, ఎవరూ అడక్కుండానే. ఆమె వెళ్ళాక మొదటి పెట్టె తెచ్చింది అతనే. ఇప్పుడు సటుర్నినా కిటికీ నిండా అగ్గిపెట్టెలే. పొద్దున్నే వాటిని సర్దుతుంది, రోడ్డు వైపు చూస్తుంది. పసిదాని మందు, మందు కొట్టే మనుషులు, పెద్దల మాట, అన్నీ జూలై పన్నెండు, శనివారం నాడు తనతోనే తెస్తానంది నిన్ఫా.