టోపీ లేని సూది

జనగామలో నేను సహాయకురాలిగా పనిచేసిన పళ్ల దవాఖానలో డాక్టరు మత్తు సూది వేయగానే సిరంజిని వెనక్కి చాపేవాడు. మొన నా వైపే ఉండేది. "టోపీ పెట్టు" అనేవాడు, తల తిప్పకుండానే.

డిగ్రీ మధ్యలో ఆపేసిన నాకు చదువంటే గ్రంథాలయమే. అక్కడ అట్ట ఊడిన నర్సుల పుస్తకం ఒకటి దొరికితే నమిలి మింగాను. వాడిన సూదికి టోపీని, అంటే దాని ప్లాస్టిక్ మూతను, రెండు చేతులతో తొడగకూడదు; జారి గుచ్చుకుంటే రోగి రక్తంలోని జబ్బు మనకు అంటొచ్చు. తప్పనిసరైతే టోపీని ట్రేలో పడుకోబెట్టి, ఒంటి చేత్తో సూదిని అందులోకి జొనపాలి. ఈ మాట డాక్టరుకు చెప్పాను.

"నేను సదవలేదా గది? నువ్వు నేర్పుతవా నాకు?"

చదివాడు. నాకంటే ముందే, నాకంటే బాగా చదివాడు. నాకు ఆయన మీద ఇంకా మంట చల్లారనిది అందుకే. తెలియక చేసినవాడైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. పనిలో చేరినప్పుడు, రక్తం ద్వారా అంటే కామెర్లకు టీకా వేయిస్తామన్నారు. కౌంటర్‌లో కూర్చునే ఆయన భార్యను అడిగినప్పుడల్లా "వచ్చే నెల సూద్దాం తియ్యి" అనేది.

ఒక మధ్యాహ్నం కొడకండ్ల దిక్కు తండా నుంచి ఒకామె దవడ పన్ను తీయించుకోవడానికి భర్తతో వచ్చింది. సూది వేశాక ఎప్పటిలాగే సిరంజి నా వైపు వచ్చింది. రెండు చేతులతో తొడుగుతుంటే టోపీ జారింది. సూది గ్లౌజును దాటి నా ఎడమ బొటనవేలిలో దిగింది.

కుళాయి కింద సబ్బుతో కడుక్కుంటుంటే డాక్టరు విసుక్కున్నాడు. "జర గుచ్చుకుంటే గింత లొల్లేంది?"

"ఆమె రక్తం పరీక్ష చేయించాలె సార్. నాకు టీకా గూడ లేకపాయె."

"పిచ్చి లేసిందా? గట్ల అడిగితే తండోళ్లు ఒక్కళ్లు గూడ మల్ల మన మెట్లెక్కరు."

ఆయన భార్య పరుగున వచ్చింది. "మెల్లగ మాట్లాడుండ్రి, బయటోళ్లకు ఇనవడ్తది."

కుర్చీలో ఉన్న మనిషికి వినబడుతోందన్న ఆలోచన ఇద్దరికీ లేదు.

పన్ను తీయడం అయ్యాక మెట్ల దగ్గర నేనే అడిగాను. "అక్కా, నీకు గుచ్చిన సూది నాకు గుచ్చుకున్నది. సర్కారు దవాఖానకొచ్చి జర రక్తం ఇస్తే, నాకేం మందు కావాల్నో వాళ్లు చెప్తరు."

ఆమె భర్త గయ్యిమన్నాడు. "ఏందీ, తండోళ్లమంటే రోగాలోళ్లమా? గ్లౌజులేసుకునే ముట్టుకుంటిరి, గది సాలదా?"

"గ్లౌజులు అందరికీ ఏసుకుంటం అన్నా."

"దొరసానికి గుచ్చిన సూదైతే గిట్లనే అడుగుదువా?"

"అడుగుత."

అడిగేదాన్నే. కాకపోతే మెట్ల మీద నిలబెట్టి కాదు, కుర్చీ వేసి అడిగేదాన్ని. అది అతనికీ తెలుసు.

ఆమె దూది కరిచి పట్టుకుని, మొద్దుబారిన సగం నోటితో అంది. "నా రక్తం తీస్తే డాక్టరుది గూడ తియ్యుండ్రి. ఆయన చేతులు నా నోట్ల వెట్టిండు గదా."

డాక్టరు తలుపు దగ్గరే ఉన్నాడు. ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె భర్తతో వాళ్ల భాషలో ఏదో కటువుగా అంది. అతను ఆటో ఆపాడు. దారి పొడవునా ఎవరూ నా మొహం చూడలేదు. రక్తం ఇచ్చేటప్పుడు మాత్రం ఆమె అంది: "నీ కోసం గాదు. రేపు నా మీద మాట రావొద్దని."

ఆమె రక్తంలో ఏ రోగమూ లేదు. నాకు టీకా ఆ సర్కారు దవాఖానలోనే మొదలుపెట్టారు. మర్నాడు పనికి వెళ్తే, ఏమైందని డాక్టరు అడగలేదు. కుర్చీలో రఘునాథపల్లి నుంచి వచ్చిన ఒక అవ్వ ఉంది. సూది వేశాడు. సిరంజి వెనక్కి వచ్చింది.

"టోపీ పెట్టు."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "వాడినోళ్లే పెట్టుకోవాలె సార్. టోపీ ట్రేల ఉన్నది."

"పుస్తకాలు నెత్తికెక్కినయ్ నీకు. రేపటి సంది రాకు."

"రాను. అవ్వ పన్ను అయినంక పోత."

సిరంజి మా ఇద్దరి మధ్య అలాగే ఆగింది. అవ్వ గుడ్లప్పగించి చూసింది. "గా సూదేమన్న నా మీద పడ్తదా బిడ్డా?"

డాక్టరు ట్రే వైపు తిరిగాడు. పడుకున్న టోపీలోకి ఒంటి చేత్తో సూదిని జొనిపాడు. ఒక్కసారికే, పుస్తకంలో ఉన్నట్టే, చక్కగా తొడిగాడు.

నేను పట్టకారు అందించాను.