ఉత్తరపు సూర్యుడూ, నీలం ఇంజనూ

పోయిన శనివారం కరివేపాకు కోసం, ఆక్లాండ్‌లో మనవాళ్ల కొట్లుండే శాండ్రింగ్‌హామ్ వెళ్లినప్పుడు, ఈ దేశం వచ్చిన కొత్తలో మేము ఫొటో రీళ్లు కడిగించుకున్న కెమిస్టు షాపు కనిపించలేదు. ఆ చోట రంగురంగుల టీలలో సగ్గుబియ్యం లాంటి నల్లటి ఉండలు వేసి అమ్మే దుకాణం ఒకటి వెలిసింది. లోపల పిల్లలు గ్లాసులు పట్టుకుని ఒకరి ఫొటోలు ఒకరు తీసుకుంటున్నారు, తీసిన మరుక్షణం చూసుకుని నచ్చకపోతే తుడిచేస్తున్నారు. కరివేపాకు పొట్లం పట్టుకుని ఆ అద్దాల తలుపు ముందు ఎంతసేపు నిలబడిపోయానో ఏమో, లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చి ఏమైనా కావాలా ఆంటీ అని అడిగింది. ఏమీ వద్దమ్మా అని చెప్పి బస్సెక్కి ఇంటికొచ్చాను గానీ, ఆ రోజంతా నా మనసు మనసులో లేదు.

మా ఆయనకు డీజిల్ ఇంజన్ల ఫొటోలు తీయడమంటే పిచ్చి. ఇష్టం అని మర్యాదగా రాయవచ్చు గానీ, పెళ్లైన కొత్తలో గుంతకల్లు ప్లాట్‌ఫారం చివర, మండుటెండలో, ఒక గూడ్సు బండి కోసం కొత్త పెళ్లాన్ని నిలబెట్టిన మనిషికి ఆ మాట చాలదు. మామగారు అక్కడి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రైల్వే క్వార్టర్సులో పెరిగినవాళ్లు కోడికూతకు కాదు, ఇంజను కూతకు లేస్తారని మా అత్తగారు అనేవారు. ఈయన కంప్యూటర్ చదువు చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేసి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నన్నూ, ఇంకా బడి ముఖం చూడని మా అబ్బాయినీ వెంటబెట్టుకుని ఆక్లాండ్ చేరుకున్నా, చెవి మాత్రం ఆ క్వార్టర్సు చెవే.

ఆ రోజుల్లో ఇక్కడ లోకల్ రైళ్లు కూడా డీజిల్‌తోనే నడిచేవి. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కాసేపు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఇంటికొస్తే చున్నీకి కూడా ఆ నూనె వాసన అంటుకుని ఉండేది. మిగతా తెలుగువాళ్లు శని ఆదివారాలు సముద్రం ఒడ్డుకో, ఎవరింట్లోనో భోజనాలకో వెళుతుంటే, మేము పులిహోర డబ్బా, ఫ్లాస్కు, మడత కుర్చీలు కారులో వేసుకుని రైలు పట్టాల పక్కకు వెళ్లేవాళ్లం. నలుగురూ కలిసిన చోట ఈ వారం ఎక్కడికి వెళ్లారండీ అని అడిగితే చెప్పడానికి నాకు సిగ్గుగా ఉండేది. రైళ్లు చూడడానికి ఇంత దూరం రావాలా అని ఒక ఆంటీ నా మొహం మీదే నవ్వింది. ఆవిడ అన్నది నా మనసులో మాటే కనుక నాకు కోపం కూడా రాలేదు.

మొదటిసారి వెళ్లింది ఆక్లాండ్‌కు దక్షిణాన పుకెకోహె వైపు. ఊరు దాటాక ఉల్లితోటల మధ్య ఎర్రనేల మీదుగా రైలు కట్ట పోతుంటే మా అనంతపురం జిల్లాలో ఉన్నట్టే అనిపించింది. ఫొటో తీసేవాడు ఎప్పుడూ సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలట, అప్పుడే ఇంజను మీద వెలుగు పడుతుందట. అందుకని ఈయన ముందురోజే మ్యాపు పరిచి, తూర్పు పడమరలుగా పోయే కట్ట చూసి, దానికి దక్షిణం వైపున ఒక చోటు పెట్టుకున్నారు. గుంతకల్లులో చిన్నప్పటి నుంచీ నిలబడింది ఆ వైపే మరి. తీరా వెళితే పొద్దున మబ్బు, మబ్బు విడిచాక సూర్యుడు సరిగ్గా మా కళ్లలోకే. నేను గొణుగుతుంటే, "కాసేపుండు, మధ్యాన్నానికి మన వెనకతట్టుకు వస్తాడులే" అన్నారు. మధ్యాహ్నమైంది, పులిహోర అయిపోయింది, సూర్యుడు మాత్రం మా ఎదురుగానే తాపీగా నడిచిపోయాడు. భూమికి ఈ కొసన సూర్యుడు ఉత్తరం వైపు నుంచి పోతాడని బడిలో చదువుకున్నాం, పరీక్షల్లో రాశాం, ఒక్కరికీ గుర్తు రాలేదు. కెమిస్టు షాపులో ఇచ్చిన రీలు కడిగి వచ్చేసరికి, అన్ని ఫొటోలలోనూ బొగ్గు ముద్దల్లాంటి ఇంజన్లే.

ఆ ఫొటోలు చూసి మేము నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పటి నుంచీ ఇంట్లో ఏ తప్పు జరిగినా ఉత్తరపు సూర్యుడి మీదికి తోసేయడం అలవాటైంది. సాంబారులో ఉప్పెక్కువైతే ఉత్తరపు సూర్యుడు, పిల్లవాడు సాక్సులు పారేసుకొస్తే ఉత్తరపు సూర్యుడు. కొత్త దేశంలో మాకంటూ దొరికిన మొదటి హాస్యం అది. దాన్ని అరిగిపోయేదాకా వాడుకున్నాం.

కొన్నేళ్లకు ఆక్లాండ్ పడమటి కొసన హెండర్సన్‌లో ఇల్లు కొనుక్కున్నాం. అప్పుడు మొదలైంది. మా ఆయన ఫొటోలలో ఇంజను ముక్కు తెగిపోయి ఉండేది, లేదా బండి సగం దాటిపోయాక తీసినట్టు ఉండేది. ఇంట్లో తలుపు చెక్కకు భుజం కొట్టుకునేవారు, నేల మీద ఉన్న పాల డబ్బాను తన్నేసేవారు. నేను పాలు తుడుస్తూ ఉత్తరపు సూర్యుడండీ అనేదాన్ని, ఆయనా నవ్వేవారు. మనిషి చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంటే ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ కూర్చున్నాం. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఆ సూర్యుడి మీద నిజంగానే కోపం వస్తుంది, ఎవరి మీద రావాలో తెలియక.

ఒకరోజు హెండర్సన్ రోడ్డు మీద కారు తిప్పుతుండగా ఎడమ పక్కన సైకిల్ మీద వస్తున్న మనిషి ఈయనకు కనిపించలేదు. నేను అరిచిన అరుపుకు బ్రేకు పడింది, ఆ మనిషి గడ్డిలోకి పడి, లేచి, దులుపుకుని, తిట్టకుండా వెళ్లిపోయాడు. ఈయన స్టీరింగు పట్టుకుని, "యాడనుంచి వచ్చినాడు వాడు?" అని నన్ను అడిగారు. పక్కనే నేను అంత స్పష్టంగా చూసిన మనిషిని గురించి అలా అడిగేసరికి, మర్నాడే కళ్లు చూపించడానికి లాక్కెళ్లాను. కంటి డాక్టరు గ్లకోమా అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు వేస్తే మిగిలినది నెమ్మదిగా పోతుంది, ముందే వచ్చి ఉంటే చాలా మిగిలేది అన్నాడు. నడిమధ్యన ఒక చిన్న కిటికీ మేర చూపు మాత్రం ఉంది. కెమెరాలోంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంత అని, ఇంటికొచ్చాక ఆయనే చెప్పారు.

కారు తాళం నా చేతికొచ్చింది. స్కూటర్ కూడా ఎక్కి ఎరగని నేను లైసెన్సు సంపాదించడానికి పడ్డ పాట్లు వేరే రాయాలి. కెమెరా కూడా చాలాసార్లు నా చేతికే వచ్చేది. పట్టాల పక్కన నేను కెమెరా పట్టుకుంటే ఆయన నా వెనక నిలబడి చెవులు రిక్కించేవారు. గేటు గంట మోగకముందే, నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించనప్పుడే, "వస్తాంది" అనేవారు. ఒక ఇంజనా రెండా, బరువు లాగుతోందా ఖాళీగా వస్తోందా, అన్నీ చెప్పి, సరైన క్షణానికి "నొక్కు" అనేవారు. ఎన్నాళ్లుగానో విసుక్కుంటూ వెంట తిరిగిన నాకు, ఆ ఇంజన్లంటే ఇష్టం పుట్టింది ఆ రోజుల్లోనే. ఇష్టం పుట్టాల్సిన వేళ అది కాదని తెలుసు.

అప్పట్లో పాత నీలం రంగు ఇంజన్లు ఒక్కొక్కటే రంగు మార్చుకుని పసుపూ నలుపూ అవుతున్నాయి. మాకు పట్టాల పక్కనే పరిచయమైన, ఈ దేశంలోనే పుట్టిపెరిగిన ఒక కివీ పెద్దాయన ఫోను చేసి, ఒక నీలం ఇంజను గూడ్సుతో దక్షిణం నుంచి వస్తోందనీ, ఇక దాన్నీ రంగు మార్చడానికి షెడ్డుకు పంపేస్తారనీ చెప్పాడు. ఈయన దాన్ని స్వయంగా తీస్తానని పట్టుబట్టారు. ఆ వారమే డాక్టరు ఆ కిటికీ కూడా ఇంక ఎన్నాళ్లో ఉండదన్నాడు. నా ఆలోచన వేరు. ఉన్న కాస్త చూపూ తీసుకుని గుంతకల్లు వెళ్లాలి, అత్తగారిని చూడాలి, పెరుగుతున్న కొడుకును కళ్లారా చూసుకోవాలి. కన్నకొడుకు కంటే ఇంజను ఎక్కువైపోయిందా అని, ఎన్నడూ లేనిది, గట్టిగా అరిచాను. ఆయన అరవలేదు. "మీ మొగాలు నాకు కండ్లు మూసుకున్నా కనపడతాయి. దానికి ఫొటో ఏంటికి? ఇంజను అట్ల కాదు, పోతే మళ్ల రాదు" అన్నారు. ఆ మాటకు ఏడుపు ఆగలేదు గానీ, మర్నాడు కారు తీసింది నేనే.

ఉల్లితోటల దగ్గర, కట్టకు ఉత్తరం వైపున నిలబడ్డాం. వెలుగు వీపు మీద వెచ్చగా తగులుతోంది. కెమెరా ఆయన చేతిలో, నా చేతులు ఆయన భుజాల మీద, కట్ట ఎటు వంపు తిరుగుతుందో అటు ఆయనను కొంచెం కొంచెంగా తిప్పుతున్నాను. "వస్తాంది" అన్నారు. నాకు వినిపించడానికి ఇంకా చాలాసేపు పట్టింది, తరువాత నేల అదిరింది, ఆ చప్పుడు అరికాళ్లలోంచి ఛాతీలోకి వచ్చింది. ఇంజను ఎక్కడి దాకా వచ్చిందో చెబుదామని ఆయన మొహం వైపు వంగాను. కెమెరా వెనక ఒక కన్ను ఎలాగూ మూసి ఉంటుంది, రెండో కన్ను కూడా మూసే ఉంది. ఆ రెప్పల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. చెప్పబోయింది మానేసి, ఆయన భుజాలు అలాగే పట్టుకున్నాను. ఆయన వింటూ వింటూ, ఒక్కసారి నొక్కి, కెమెరా దించేశారు. మళ్లీ నొక్కలేదు.

ఫొటో కడిగి వచ్చిన రోజు కెమిస్టు షాపావిడ కవరు ఇస్తూ, ఇది మీరు తీసిందేనా, చాలా బాగుందని అంది. నిజంగానే ఆయన జీవితంలో తీసిన ఫొటోలన్నిటిలోకీ అదే గొప్పది. ఎర్రనేల మధ్య నీలం ఇంజను నిండుగా, ముక్కు నుంచి చివరి చక్రం దాకా, ఎండలో మెరుస్తూ. ఆ ఫొటోను ఆయన ఇంట్లో కిటికీ దగ్గర మొహానికి ఆనించుకున్నట్టు పట్టుకుని, ముందు ఇంజను ముక్కు, తరువాత డ్రైవరు అద్దం, తరువాత చక్రాలు, అలా ముక్కలు ముక్కలుగా, బియ్యంలో రాళ్లు ఏరినట్టు చూశారు. ఒక్కసారిగా మొత్తం చూడడం ఆయనకు కుదరదు. చివరకు, "అంతా కలిపి ఎట్లుంది?" అని నన్నడిగారు. నేను చెప్పాను. మళ్లీ చెప్పమన్నారు, మళ్లీ చెప్పాను.

ఆ తరువాత కంట్లో మిగిలిన ఆ చిన్న కిటికీ కూడా మూసుకుపోయింది. అయినా ఆయన దిగులు పడి మూల కూర్చోలేదు. సాయంత్రాలు నేను హెండర్సన్ స్టేషనుకు తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెడితే, వచ్చే ప్రతి బండినీ పలకరించినట్టు, ఇది కొత్తగా బాగుచేసి వచ్చింది, దీనికి ఎక్కడో గాలి లీకవుతోంది అని చెబుతూ గంటలు గడిపేవారు. మనుషులు జాలిపడే చోట ఆయన సంతోషంగా ఉండేవారు. ఇంజన్లు చప్పుడు చేసినంత కాలం నేను గుడ్డివాణ్ణి కాదే అని ఒకసారి అన్నారు. ఒక చలికాలం ఉదయం, ఆయన గుండె ఆయనకు చెప్పకుండా ఆగిపోయింది. మా లైనుకు కరెంటు రైళ్లు వచ్చింది ఆ తరువాతనే.

గూడ్సు బళ్లను ఇప్పటికీ దక్షిణాన డీజిల్ ఇంజన్లే లాగుతున్నాయని మా అబ్బాయి అంటాడు, తీసుకెళతానని కూడా అంటాడు, వాడికి తీరదు. నేను ఊళ్లోకి వెళ్లాలంటే ఎక్కేది కరెంటు బండే. శుభ్రంగా ఉంటుంది, పొగ లేదు, వాసన లేదు, కుదుపు లేదు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. మొదటిసారి దాని కోసం నిలబడిన రోజున, అది ఎప్పుడు వచ్చి నా ముందు ఆగిందో నాకు తెలియలేదు, తలుపులు తెరుచుకున్నాకే ఉలిక్కిపడి చూశాను. ఈ రోజు చూడకుండా పోయారు, అదే మేలు అనుకున్నాను. ఆయన లేకపోవడంలో మేలు వెతుక్కున్నందుకు వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఏం మేలు? ఉండి ఉంటే పక్కన నిలబడేవారు కదా. బండి వచ్చిందని ఆయనకు వినిపించకపోతే ఏమైంది, చెయ్యి పట్టుకుని, వస్తాంది అని నేనే చెప్పేదాన్ని.