లేత ఎముక మీద బిగించిన కట్టు

బడిలో నాకు ఎముకల పాఠమంటే మహా ఇష్టం. ఇష్టమని మర్యాదకు అంటున్నాను గానీ, నిజానికి అది నా గొప్ప చూపించుకునే పాఠం. ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని తరగతిలోకి మోయించుకొచ్చి, "పుట్టినప్పుడు మనకు మూడు వందల దాకా ఎముకలు. పెద్దయ్యాక రెండు వందల ఆరే. మిగతావి ఎటు పోయాయి?" అని అడిగేదాన్ని. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. ఎటూ పోలేదు, ఒకదానితో ఒకటి అతుక్కుపోయాయని చెప్పేదాన్ని. కోడి కాలి ఎముకను వెనిగర్‌లో రోజుల తరబడి నానబెట్టి, సున్నం కరిగాక దాన్ని వంచి చూపించేదాన్ని. గట్టిదనం సున్నానిది, విరగకుండా ఆపేది లోపలి నార, రెండూ కలిస్తేనే ఎముక అని బోర్డు మీద రాసేదాన్ని. అంతా తమిళంలోనే. తమిళనాడు ధర్మపురిలో మా తెలుగు ఇంటి గడప దాటదు.

ఇంట్లో ఎముకల సంగతి వేరు. మా నాన్న పెరియంపట్టి దగ్గర ఆవులూ మేకలూ పెట్టుకుని బతికిన మనిషి. విరిగిన మేక కాలికి కట్టు కట్టడం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. మేకల నుంచి మనుషులకు ఎప్పుడు వచ్చాడో ఆయనకే గుర్తు లేదు. వెదురు దబ్బలు, మినప్పిండి, కోడిగుడ్డు తెల్లసొన, పాత చీర పేలికలు, ఇదీ ఆయన సామాను. బెణికితే వదులు కట్టు, విరిగితే బిగి కట్టు. ఏది కట్టాలో వేళ్లే చెప్పాలి. కళ్లు మూసుకుని దెబ్బ తగిలిన చోట తడుముతూ, మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఆవు ఈనిందా అని ఏవేవో అడిగేవాడు. వేలు ఎక్కడ పడ్డప్పుడు జవాబు చెప్పే గొంతు తడబడితే అక్కడ నొప్పి ఉన్నట్టు. మూడో రోజు తప్పకుండా విప్పి చూసేవాడు. మా ఇంటి కట్టుబాటు ఇంకొకటి ఉంది. కట్టు చెడి ఎవరికైనా అవయవం పాడైతే, కట్టినవాడు ఇక ఎముక మీద చెయ్యి వేయకూడదు. మనిషిదే కాదు, మేకదైనా సరే.

నాకు ఆ దబ్బలను చూస్తే సిగ్గు. తోటి టీచర్లు ఇంటికి వస్తున్నారంటే వాటిని అటక ఎక్కించేదాన్ని. సిగ్గుపడవలసింది దేనికో అప్పటికి నాకు తెలియదు.

ఒక ఆదివారం బొమ్మిడి నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ల కూతుర్ని తీసుకుని వచ్చింది. వాళ్లూ మా మాదిరి తెలుగు ఇంటివాళ్లే. పిల్ల సైకిలు మీంచి పడింది, మణికట్టు ఉబ్బింది. మా వైపు జనం ముందు ఎక్స్‌రే తీయించుకుంటారు. తీయించుకుని, దాన్ని డాక్టరుకు చూపించకుండా చేత్తో పట్టుకుని నేరుగా కట్టు కట్టేవాడి దగ్గరికి వస్తారు. నాన్న ఎప్పుడూ ఆ ఫిలిం వైపు చూడడు. వాకిట్లో అప్పటికే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఆయన చాలాసేపు తడిమి కళ్లు తెరిచాడు.

"విరగలేదు తల్లీ. లేత ఎముక, బెణికినాది. వదులు కట్టు చాలు."

నేను ఊరుకోవచ్చు కదా. లోపలి నుంచి వచ్చి, ఫిలిం అందుకుని ఎండకు ఎత్తి పట్టాను. ముంజేతి ఎముక చివర, మణికట్టుకు కాస్త పైన, అడ్డంగా ఒక నల్లటి గీత. పక్క ఎముకకూ అలాంటిదే.

"ఇదో చూడు నైనా, రెండు ఎముకలూ విరిగినాయి. వేళ్లకు తెలీనిది ఫిలింకు తెలుస్తాది" అన్నాను.

అందరూ మెడలు చాచి చూశారు. "టీచరమ్మ చదివినామె కదా" అన్నాడొకాయన. నాన్న ఆ మణికట్టును ఇంకోసారి తడిమాడు. నా మొహంలోకి చూశాడు.

"నిజంగానా పాపా?"

"నిజమే నైనా. బిగి కట్టు కట్టు."

ఆయన కట్టాడు.

మర్నాడు సాయంత్రం ఆ తల్లి నాకు ఫోన్ చేసింది. "చిన్నది ఒకటే ఏడుస్తా ఉండాది టీచరమ్మా. వేళ్లు మొద్దుబారినట్టు ఉండాయంట." నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు నొస్తాది, ఓర్చుకోమను. రేపు ఎట్లాగూ విప్పుతాడు కదా" అని పెట్టేశాను. నాన్న పదడుగుల దూరంలో, కొట్టంలో పాలు పితుకుతున్నాడు. ఆయనకు చెప్పాలని కూడా నాకు తోచలేదు.

మూడో రోజు కట్టు విప్పేసరికి వేళ్లు ఉబ్బి, నీలం తిరిగి, చల్లగా ఉన్నాయి. నాన్న పిల్లను తానే ఎత్తుకుని ఆటో ఎక్కాడు. తల్లితో పాటు నేనూ ఎక్కాను. ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు పిల్ల చెయ్యి చూసింది, తర్వాత ఫిలిం వెలుగులో పెట్టి చూసింది.

"ఇది విరిగిన గీత కాదు. పెరిగే పిల్లలందరికీ ఈ గీత ఉంటుంది. అక్కడ ఎముక ఇంకా గట్టిపడలేదు, మృదులాస్థిగానే ఉంది. ఎక్స్‌రేలో అది కనబడదు గనక ఖాళీలా ఉంటుంది. ఎముక పొడుగు పెరిగేదే అక్కడ. విరగని చేతిని ఇంతగా బిగించిన మహానుభావుడు ఎవరు?"

ఆ మృదులాస్థి బొమ్మను ఏటా బోర్డు మీద గీసేది నేనే. పెరుగుదల ఆగాక ఆ గీత పూడుకుపోతుందని నోట్సు చెప్పేదీ నేనే. పాఠం నా నోట్లో ఉంది, కంట్లో లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అవ్వ ఎవరినో అంటుంటే పగలబడి నవ్వేదాన్ని చిన్నప్పుడు.

"నేనేమ్మా" అన్నాడు నాన్న. "నా చెయ్యి తప్పినాది."

డాక్టరమ్మ ఆయన్ని తిట్టింది. తల్లి ఏడుస్తూ తిట్టింది. నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడ్డాను. చెప్పింది నేనని ఒక్క మాట అంటే చాలు. కానీ బడిలో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను అన్నదే నా దిగులు. ఆ పిల్ల చెయ్యి ఏమవుతుందన్నది ఆ తర్వాతి దిగులు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం ఇక పూర్తిగా చాచుకోవు. నాన్న వెదురు దబ్బలన్నీ పొయ్యిలో పెట్టాడు.

కొన్ని నెలలకు మా దూడ గుంతలో పడి కాలు విరగ్గొట్టుకుంది. పొద్దున పడితే పశువుల డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ నాన్న దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాలి వైపు చెయ్యి చాచలేదు. దూడ అరుపు నేను భరించలేకపోయాను.

"నైనా, తప్పు నాది. మర్నాడే ఫోన్ వచ్చినాది. నీకు చెప్పలేదు."

"ఫోన్ సంగతి నాకు తెలీదు" అన్నాడు నాన్న. "ఫిలింలో ఆ గీత విరిగింది కాదని తెలుసు. విరగలేదని నా వేళ్లు ఆ దినమే చెప్పినాయి."

"మరి ఎందుకు కట్టినావు?"

"నలుగురి ముందర నువ్వు అనేస్తివి. నేను కాదంటే నీ చదువు చిన్నబోతాదని." దూడ చెవి నిమిరాడు. "నేనూ నీ మర్యాద చూసినాను, నువ్వూ నీ మర్యాదే చూసుకున్నావు. ఆ బిడ్డ చెయ్యిని ఎవురూ చూడలేదే పాపా."

ఆ వచ్చిన ఆదివారమే బొమ్మిడి వెళ్లాను. తప్పు నాదని ఆ తల్లికి చెప్పి రావాలని, దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆమె నన్ను చూడగానే చాప పరిచింది. "నీ మీద నాకేం కోపం లేదు టీచరమ్మా. నువ్వు చదివినదానివి, ఏదో చూసి చెప్పినావు. బిగించింది ఆ ముసలాయనే కదా" అంది. ఇంతలో పిల్ల కాఫీ తెచ్చింది. గ్లాసును మూడు వేళ్లతో పట్టుకుంది, రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నేను కాఫీ తాగాను. పిల్ల చదువు గురించి అడిగాను. బస్సు ఎక్కి వచ్చేశాను.

నాన్న వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు.

"చెప్పినావా పాపా?"

"చెప్పినాను నైనా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం నా మీద వేయలేదు.

"వాళ్లింట్లో ఎవరెవరు ఉండారు?" అని అడిగాడు.

జవాబు చెప్పబోతే, మొదటి మాటకే నా గొంతు తడబడింది.