దానియేలు మావ పంచిన మాంసం

ఆ కబురు మొదట నాకు తెచ్చింది లచ్చన్న పెళ్లాం గురుబారి. 2023లో తొలి వానలు పడి, కొండవాలు పొలాల్లో దుక్కులు మొదలైన రోజులు. అరకు లోయకు పైన, జీపు దారి ఆగిపోయాక ఇంకా నడిస్తే గానీ రాని ఊరు మాది. కొయ్యూరు వైపు ఉన్న మా చెల్లెలి ఇంటి నుంచి ముందు రోజు సాయంత్రమే తిరిగి వచ్చాను. తెల్లారి వాకిట్లో కూర్చుని కోడిపిల్లల కంట్లో కొక్కెర తెగులు మందు చుక్కలు వేస్తుంటే గురుబారి వచ్చి నిలబడింది.

"అక్కా, మేకల పుండ్లకి రాత్తావు కదా, ఆ ఎర్ర మందు కొంచెం ఇయ్యి. మీ మరిదికి సేతి మీద కురుపు లేసింది."

నా పని గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. నేను పశుసఖిని. అంటే పొదుపు సంఘం ఆడవాళ్లలోంచి ఒకరికి శిక్షణ ఇచ్చి, ఊళ్లో మేకలకు నట్టల మందు తాగించడానికి, కోళ్లకు టీకాలు వేయడానికి, పెద్ద జబ్బు కనిపిస్తే పశువుల డాక్టరుగారికి కబురు చేయడానికి పెట్టిన మనిషిని. బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. అక్షరాలు మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి బైబిల్లోంచే నేర్పింది. పశువు ఒళ్లు నిమిరి జ్వరం చూడడం మా నాన్న నేర్పాడు. ఆ రెండు చదువులూ ఇంట్లోనే ఇచ్చినందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

మనుషులకు మందు రాసే అధికారం నాకు లేదని గురుబారికి చెప్పాను. "మీ మరిదికీ ఎద్దుకీ తేడా ఏటుందిలే, ఇయ్యి" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకైనా మంచిదని నొప్పి ఎలా ఉందని అడిగితే, అసలు నొప్పే లేదంట అక్కా, బొగ్గుముక్క అంటించినట్టు నల్లగా ఉందంట, అంది.

నా చేతిలో మందు సీసా అలాగే ఉండిపోయింది. శిక్షణలో మాకు కొన్ని బొమ్మలు చూపించారు. వాటిలో ఒకటి మనిషి ముంజేతిది. చుట్టూ వాపు, మధ్యలో నల్లటి పక్కు, నొప్పి లేని పుండు. అది ఆంత్రాక్స్, మన భాషలో దొమ్మ రోగం. పశువుకు వస్తే ముందు రోజు మేసిన పశువు మర్నాటికి చచ్చి పడి ఉంటుంది. ముక్కులోంచి కారే నల్లటి రక్తం గడ్డ కట్టదు. అలాంటి పశువు మీద కత్తి పెట్టకూడదని మాకు పదేపదే చెప్పారు. కోస్తే ఆ విషం గాలికీ మట్టికీ అంటుకుంటుంది, కోసినవాడికీ తిన్నవాడికీ అంటుకుంటుంది.

"లచ్చన్న ఈమధ్య ఏ పశువును కోశాడు?" అని అడిగాను.

గురుబారి నవ్వు ఆగిపోయింది. తర్వాత మెల్లగా, నేను ఊళ్లో లేనప్పుడు దానియేలు మావ ఎద్దు చచ్చిపోయిందనీ, తోలు తీసి ముక్కలు కొట్టింది లచ్చన్నేననీ చెప్పింది. మా ఊళ్లో పశువు చస్తే పారేయరు. అడ్డాకుల్లో పోగులు పెట్టి ఇంటికో పోగు పంచుతారు. మిగిలింది పొయ్యి మీద వేలాడదీసి పొగకు ఎండబెట్టుకుంటారు. అది తరాలుగా ఉన్న అలవాటు. అందులో గురుబారికి గానీ నాకు గానీ వింత లేదు.

వింత ఆ తర్వాత మాటలో ఉంది. దానియేలు మావ వాళ్లు కూడా తిన్నారా అని అడిగాను.

"నేదు. మీ ఇశ్వాసులు ఒక్కరూ ముట్టలేదు. మా ఇళ్లకే పంచాడు, పాపం, డబ్బులు కూడా తీసుకోలేదు."

ఇశ్వాసులంటే ఏసుప్రభువును నమ్ముకున్న మా కొద్ది ఇళ్లవాళ్లం. ఆ "పాపం" అన్న మాట ఆమె మంచి మనసుతోనే అంది. నేను మాత్రం కోడిపిల్లలను గంప కింద మూసి లేచాను.

గట్టు మీదికి ఎక్కితే ఫోను పలుకుతుంది. అక్కడి నుంచి పశువుల డాక్టరుగారికి చేశాను. ఆయన రెండు ముక్కల్లో చెప్పారు. లచ్చన్నను వెంటనే ఆసుపత్రికి దించాలి. ఆ మాంసం తిన్నవారు, ముట్టినవారు అందరూ మాత్రలు వేసుకోవాలి, ఇళ్లలో ఉన్న ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు. మనుషుల సంగతి ఏఎన్ఎంకు, అంటే మా సబ్‌సెంటరు నర్సమ్మకు, తానే చెబుతానన్నారు. లచ్చన్నను మా మరిది వరసవాళ్లు ఇద్దరు ఆ కాలిబాటలోనే మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని దించారు. అప్పటికే వాపు మోచేయి దాటింది. లచ్చన్న మాత్రం, దుక్కి సగంలో ఉందనీ సాయంత్రానికి వచ్చేస్తాననీ అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా దానియేలు మావ దగ్గరికి వెళ్లాను. ఆయన మా విశ్వాసుల సంఘానికి పెద్ద. ప్రార్థన మందిరం ముందు గడ్డి చెక్కుతున్నాడు. అబద్ధం ఆడడు, సారా ముట్టడు, ఎవరి ఇంట్లో జ్వరం ఉన్నా వెళ్లి కూర్చుంటాడు. నడివయసులో అక్షరాలు నేర్చుకున్నది వాక్యం చదవడం కోసమే. చదివింది చదివినట్టు చేయాలన్నది ఆయన పట్టుదల. అలాంటి మనిషిని నేను ఆ వేళ నేరస్థుణ్ని అడిగినట్టు అడిగాను.

"మావా, ఎద్దు ఎలా పోయింది?"

"రాత్రి బాగానే మేసింది గుంటా. తెల్లారి సూత్తే లేవనేదు. ముక్కులోంచి రగతం కారింది."

"గడ్డ కట్టిందా?"

"నేదు. నల్లగా, నీళ్లలాగ."

"మీరెవరూ తినలేదంట."

"దానంతట అదే సచ్చింది మనం తినకూడదు కదా. ధర్మశాస్త్రంలో ఉంది."

"మరి వాళ్లకెందుకు పంచారు?"

ఆయన పార పక్కన పెట్టి నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. వాక్యం తెలిసినదాన్ని, నేను ఇలా అడగడం ఆయనకు అర్థం కాలేదు.

"అదీ అక్కడే ఉంది గదా. బయటోడికి ఇయ్యొచ్చు, ఆడు తింటాడని. అమ్ముకోవచ్చని కూడా ఉంది. నాను అమ్మలేదు. ఊరికే ఇచ్చాను."

నిజంగానే ఉంది. మోషే ధర్మశాస్త్రంలో ఆ మాట ఉంది. మా అమ్మ నాకు చదివించిన పేజీల్లో అదీ ఒకటి. చిన్నప్పుడు ఆ వాక్యం మీదుగా వేలు జరుపుకుంటూ వెళ్లిపోయి ఉంటాను. అది ఒకరోజు మా ఊళ్లోకి నడిచి వచ్చి, అడ్డాకులో పోగై, గురుబారి పొయ్యి మీద వేలాడుతుందని నాకు ఎలా తెలుస్తుంది? దానియేలు మావకు జబ్బు సంగతి తెలియదు. చెడ్డ మాంసమని తెలిసి ఇవ్వలేదు. విశ్వాసికి కూడదు, అన్యుడికి కూడుతుంది, పారేయడం ఎందుకు అనుకున్నాడు, అంతే. జబ్బు సంగతి నేను చెబుతుంటే ఆయన మందిరం అరుగు మీద కూర్చున్నాడు. "పిల్లలు పులుసు తాగుంటారు" అన్నాడు.

మధ్యాహ్నానికి నర్సమ్మ మాత్రలు పట్టుకుని వచ్చింది. ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంట్లోనూ ఎవరూ తినలేదన్నారు. మాంసమా, ఏ మాంసం, అన్నారు. ఒకామె పొగ వాసన వస్తున్న ఇంటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, మేం దుంపలు తినే బతుకుతున్నామమ్మా అంది. చచ్చినదాన్ని తింటారా అని బయటి నుంచి వచ్చినవాళ్లు ఎన్నోసార్లు అసహ్యించుకున్నారు కాబట్టి ఆ మాట ఒప్పుకోవడం వాళ్లకు చిన్నతనం. పైగా లచ్చన్న చెయ్యి చూసిన కుర్రాళ్లు కొందరు, ఇశ్వాసులు మన దేవత మీద కక్షతో ఏదో కలిపి పెట్టారని అప్పుడే అనడం మొదలుపెట్టారు. మాత్రలు సంచిలోనే ఉన్నాయి. మాంసం ఇళ్లలోనే ఉంది. పొద్దు వాలితే అది మళ్లీ కుండల్లోకి వెళుతుంది.

ఎవరింటికి ఏ పోగు వెళ్లిందో మావాళ్లలో తెలిసినవాడు దానియేలు మావ ఒక్కడే. ఆయన వచ్చి గుమ్మం ముందు నిలబడి, ఇచ్చింది నేను, నా వల్ల తప్పు జరిగింది అంటేనే వాళ్లు దాచింది తీస్తారు. ఆ మాట నేను చెబితే ఆయన మందిరం వైపు చూశాడు. మందిరం ఉన్న జాగా ఊరు ఇచ్చిందే. మీరు తినంది మాకు పెట్టారన్న మాట ఊళ్లో పడితే ఆ జాగా ఉంటుందా, మన వాళ్లను నీళ్ల దగ్గరికి రానిస్తారా అని ఆయన భయం. కాసేపు ప్రార్థన చేసుకుని వస్తానన్నాడు.

"నడుస్తూ చేద్దాం, మావా" అన్నాను. పెద్దవాడితో అలా మాట్లాడడం నాకు అలవాటు లేదు.

మొదటి గుమ్మం గురుబారిదే. ఆమె పిల్లను చంకనేసుకుని బయటికి వచ్చింది. దానియేలు మావ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎద్దు చెడ్డ రోగంతో చచ్చిందనీ, తన ఇంట్లో ఎవరూ తినలేదనీ, తినకూడదని తమ గ్రంథంలో ఉందనీ, బయటివాళ్లకు ఇవ్వొచ్చని ఉంటే ఇచ్చాననీ, ఏదీ దాచకుండా చెప్పాడు.

గురుబారి అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది.

"మీ నోటికి కూడనిది మా నోటికి ఎలాగ కూడింది, మావా?"

ఆ వయసు వచ్చేదాకా నేను విన్న ప్రసంగాలు అన్నీ కలిపినా నన్ను అలా నిలబెట్టింది ఏదీ లేదు. ప్రసంగం చేసింది మా మందిరం గడప తొక్కని గురుబారి. పక్కనే నర్సమ్మ తల దించుకుని సంచి సర్దుకుంటోంది.

తర్వాత గురుబారి లోపలికి వెళ్లింది. తలుపు వేసేస్తుందనుకున్నాను. పొయ్యి మీద ఎండుతున్న ముక్కలను తాడుతో సహా కట్టె చివర తగిలించుకుని తెచ్చి, నేను పరిచిన గోనె మీద పడేసింది. పిల్లకూ తనకూ మాత్రలు తీసుకుంది. పిల్లను అత్తగారికి ఇచ్చి చీర చెంగు దోపుకుని మా ముందు నడవడం మొదలుపెట్టింది. ఎక్కడికి అని అడిగితే, "మీరు అడిగితే ఎవులిత్తారు? నడండి బేగి" అంది.

ఆమె ముందు, దానియేలు మావ వెనక, గోనె పట్టుకుని నేను, మాత్రల సంచితో నర్సమ్మ. ప్రతి గుమ్మం దగ్గర ఆయన తన తప్పు చెప్పాడు. ప్రతి గుమ్మం దగ్గర ఆమె, మీ ఇంటికి తొడ ముక్క వచ్చింది నేను చూశాను, తీసుకురా, నా మొగుడి సెయ్యి సూడనేదా, అని లోపలికి వెళ్లింది. ఒక ముసలాయన దానియేలు మావ కాళ్ల దగ్గర ఉమ్మాడు. ఆయన కదల్లేదు. దుంపలు తిని బతుకుతున్నామన్న ఆమె అందరికంటే పెద్ద మూట తెచ్చింది. గురుబారి దాన్ని ఎత్తి బరువు చూసి, "దుంపలు బాగా ఊరాయే" అంది. ఆ వేళ ఊళ్లో నవ్వు వినిపించింది అక్కడొక్కచోటే.

మర్నాడు పశువుల డాక్టరుగారు వచ్చి తోలు నుంచి నమూనా తీశారు. పరీక్షలో దొమ్మ రోగమనే తేలింది. ఎద్దు పడిన చోట మట్టితో సహా తోలు, ఎముకలు, మాంసం అన్నీ లోతైన గోతిలో సున్నం పోసి పూడ్చాం. చుట్టూ ముళ్లకంచె వేశాం. ఆ మట్టిలో విషం ఏళ్లకేళ్లు బతికి ఉంటుంది కాబట్టి ఇప్పటికీ అక్కడ పశువులను మేపనివ్వం. ఊళ్లో పశువులన్నిటికీ టీకాలు పడ్డాయి. మాత్రలు వేసుకున్నవాళ్లలో ఇద్దరికి చిన్న కురుపులు లేచి తగ్గిపోయాయి. లచ్చన్నకు వాపు భుజం దాకా పాకి, కొన్నాళ్లు ఏమీ చెప్పలేమన్నారు. దేవుని కృప, తిరిగి వచ్చాడు. ముంజేతి మీద గుంట పడిన మచ్చ ఉంది. మందిరం జాగా ఊరు వెనక్కి అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలియదు. అడిగినా న్యాయమే అని మాత్రం తెలుసు.

పశుసఖిగా నేను నేర్చుకున్నది ఏమిటంటే, జబ్బుతో చచ్చిన పశువు విషయంలో నిజం దాచడం కత్తి పెట్టడంతో సమానం. ఇప్పుడు ఊళ్లో ఏ పశువు పడినా ముందు నాకు కబురు చేస్తారు, సిగ్గుపడరు.

విశ్వాసిగా నేర్చుకున్నది చెప్పడం అంత తేలిక కాదు. వాక్యం ప్రకారం బతకాలని మా అమ్మ నేర్పింది, అలాగే బతకాలని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఏ మాటనైనా చేతల్లో పెట్టబోయే ముందు, అది నా గడప దాటి పొరుగింటికి వెళ్లాక ఏమవుతుందో చూస్తున్నాను. నిన్ను ప్రేమించుకున్నట్టే పొరుగువాణ్ని ప్రేమించమన్న ప్రభువు, ఆ పొరుగువాడు ఏ దేవుణ్ని మొక్కాలో చెప్పలేదు. నేను తినలేనిది పొరుగువాడి విస్తట్లో పెట్టి దాన్ని దానమనుకుంటే, ఏ వాక్యమూ నన్ను కాయదు.

దానియేలు మావ ఇప్పటికీ ప్రతి ఆదివారం మందిరానికి వస్తాడు. వెనక వరసలో కూర్చుంటాడు. ప్రభువు బల్ల రోజున, అంటే ప్రభువు మరణాన్ని తలుచుకుని అందరం రొట్టె పంచుకునే రోజున, పళ్లెం తన దగ్గరికి వస్తే రెండు చేతులా అందుకుని, తాను తీసుకోకుండా పక్కవారికి అందిస్తాడు. దేవుడు క్షమించాడు, తీసుకోమని పాస్టరుగారు చెప్పారు, మేమూ చెప్పాం. గురుబారి కూడా ఒకసారి దారిలో ఆపి, అయిపోయింది వదిలేయి మావా అంది. ఆయన తల ఊపుతాడు, పళ్లెం మాత్రం అలాగే దాటిస్తాడు. ఇది చదివినవారు మీ ప్రార్థనలో ఆయనను ఒక్కసారి తలుచుకోండి.