పండని సారపప్పు

ఆసిఫాబాద్‌లో మా నాన్నకు మిఠాయి దుకాణం ఉండేది. రంజాన్ వచ్చిందంటే షీర్ ఖుర్మా పాయసం సరుకుల కోసం జనం మా దగ్గరికే వచ్చేవారు. సేమియా, ఖర్జూరం ఎక్కడివైనా పరవాలేదు కానీ, సారపప్పు మాత్రం జైనూర్ అడవిదే కావాలనేవాడు నాన్న. దాన్ని ఒక గోండు ఆమె తెచ్చేది. నాన్న ఆమెను చెల్లె అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది.

ఎండాకాలంలో మొర్రి పండ్లు నల్లబడి రాలుతాయి. వాటి గింజల్లోనిదే సారపప్పు. ఆమె వాటిని ఏరి, గింజలు కడిగి ఎండబెట్టి, పప్పు నలగకుండా ఇసుర్రాయిలో మెల్లగా విసిరి, పెంకు చెరిగి తెచ్చేది. నాన్న నాలుగు పలుకులు నోట్లో వేసుకుని, "పండినంకనే ఏరినవా, చెల్లె?" అని అడిగేవాడు. "పచ్చికాయ తెంపితె చెట్టు ఉసురు తాకుతది, అన్నా" అనేది ఆమె. ఆ మాట వినడానికే అడుగుతాడేమో అనిపించేది నాకు.

గూడేలకు రోడ్డు పడ్డాక వ్యాన్లు రావడం మొదలైంది. పెద్ద పట్నాల స్వీటు కంపెనీలకు పప్పు కావాలట. పచ్చిదైనా పండుదైనా వాళ్లకు ఒకటే, ముందు ఎవరు తెస్తే వాళ్లది కొంటారు. చెట్టెక్కి కాయలు తెంపే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. కొమ్మలే నరికి కింద పడేసి దూయసాగారు.

ఒక ఏడు ఆమె ఇంకా ఎండలు ముదరకముందే వచ్చింది. సంచిలో పప్పు సన్నగా, వడిలిపోయి ఉంది. నాన్న ఒక పలుకు కొరికి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"గిదేంది, చెల్లె?"

"నిరుడు పండేదాక ఆగిన, అన్నా. నేను పోయేసరికి చెట్ల మీద ఒక్క కాయ లేదు. నన్ను జూసి గూడెమంత నవ్వింది."

"నేను గిది తీసుకుంటె ఇగ అందరు గిట్లనే తెంపుతరు."

"నువ్వు తీసుకోకుంటె తెంపరా?"

నాన్న సంచిని ఆమె వైపు జరిపాడు. నేను లడ్డూలు డబ్బాల్లో సర్దుతున్నాను. తీసుకో నాన్నా అనాలనిపించింది, వద్దనాలని కూడా అనిపించింది. ఆమె సంచి మూతి కట్టుకుంది. "చాయ్ తాగి పో" అని నాన్న పిలుస్తున్నా ఆగకుండా రోడ్డు దాటి, అవతల నిలబడ్డ వ్యాన్ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఎవరూ కొరికి చూడలేదు.

ఆ తర్వాత ఆమె మా దుకాణానికి రాలేదు. మరుసటి ఎండాకాలం నాన్నకు మనసు ఆగలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆమె గూడెం వెళ్లాడు. ఆమె మమ్మల్ని చూసి కోపం చేయలేదు. నీళ్లిచ్చి, కూర్చోమని మంచం వాల్చింది. చెట్లు చూస్తామని నాన్నే అన్నాడు.

ఇంటి వెనక దిబ్బ మీద మొర్రి చెట్లు చేతులు తెగిన మనుషుల్లా నిలబడి ఉన్నాయి. కొన్నిటికి మోడు చుట్టూ సన్నటి చివుళ్లు వచ్చాయి కానీ పూత లేదు. ఒక పెద్ద చెట్టు పక్కన ఆగి ఆమె అంది:

"గీ కొమ్మ నేనే నరికిన, అన్నా. మా అవ్వ సుత గీడనే ఏరేది. వేరేటోళ్లు గొడ్డలి పట్టుకొని వస్తుంటె సూడబుద్ధి కాక, నేనే నరికిన."

నాన్న ఆ నరికిన చోట అరచేయి పెట్టాడు. ఆమె ఇప్పుడు పత్తి ఏరే కూలికి పోతోందట. వ్యాన్లు ఆ గూడేనికి రావడం మానేశాయట, ఇంకా లోపలి ఊళ్లకు పోతున్నాయట.

తిరుగు బస్సులో జైనూర్ దాటాక నాన్న అడిగాడు. "గారోజు తీసుకున్నా కొమ్మ పోయేదే గద, బేటా?"

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. అబద్ధమైనా అవునని ఉంటే బాగుండేదేమో.

ఆ రంజాన్‌కు నాన్న దోసగింజలు వేసి షీర్ ఖుర్మా సరుకు కట్టాడు. పాత గిరాకీలు సారపప్పు ఏదని అడిగితే లేదన్నాడు తప్ప ఎందుకు లేదో చెప్పలేదు. ఇప్పుడు నాన్న లేడు. దుకాణం నేను చూస్తున్నాను. ఏటా ఎవరో ఒకరు పచ్చటి ఆకు బొమ్మ వేసిన ప్యాకెట్లు తెచ్చి, "అసలైన అడవి సరుకు, మేడం" అంటారు. ఏ అడవిదని అడుగుతాను. వాళ్లకు తెలియదు. నేను తీసుకోను. వాళ్లు పక్క దుకాణానికి పోతారు.