ఎనభై ఒకటో ఓటు

ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పగలిగినవాడికి ఆ రోజుల్లో ఉన్న గౌరవం ఇప్పుడు గెలిచినవాడికి కూడా లేదు. ఇప్పుడు చేతిలో ఫోనున్న ప్రతివాడూ జోస్యుడే. తొంభైల మొదట్లో అలా కాదు. టీవీలో గ్రాఫులు పెట్టి సీట్లు లెక్కగట్టే పెద్దమనుషులు అప్పుడప్పుడే కనిపిస్తున్నారు. స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్న మాబోటివాళ్ళం వాళ్ళను చూసి, మేమూ ఆ జాతివాళ్ళమేనని లోలోపల పొంగిపోయేవాళ్ళం. (మా బంధువులకు మాత్రం నేను చదివేదేమిటో అంతుపట్టలేదు. మా పెద్దమ్మ చివరిదాకా నేను స్టేషన్ మాస్టరు చదువుతున్నాననే అనుకుంది.) అలాంటి రోజుల్లో నేనొక అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని ముందే చెప్పాను, చెప్పింది చెప్పినట్టే జరిగింది. అయినా ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా గొప్పగా చెప్పుకోలేకపోయాను. ఎందుకు చెప్పుకోలేకపోయానో ఇప్పుడు చెబుతాను.

ఆ ఎన్నిక దేశాధ్యక్షుడిది కాదు. యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం. రెండు సంవత్సరాల వాళ్ళనూ కలిపితే ఎనభై ఒక్క ఓట్లు. అధ్యక్షుడైనవాడికి ఫ్రెషర్స్ పార్టీలో ముందు వరసలో కుర్చీ, నోటీసు బోర్డు తాళంచెవి తప్ప వేరే అధికారాలేవీ ఉండేవి కావు. కానీ ఆ సంవత్సరం ఆ తాళంచెవి కోసం నిలబడ్డవాళ్ళలో ఒకడు నా రూమ్మేటు. నల్లగొండ వైపునుంచి వచ్చినవాడు, కనిపించిన ప్రతివాణ్ణీ భాయ్ అని పిలుస్తాడు గనక అందరూ వాణ్ణే భాయ్ అనేవారు. తార్నాకలో ఒక మేడమీద గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. అనంతపురం నుంచి వచ్చిన నాకు అన్నం వండటం రాదు, వాడికి అన్నం వండితే తప్ప నిద్ర పట్టదు. నాకు కామెర్లు వచ్చినప్పుడు ఇరవై రోజులు మజ్జిగ కలిపి, చెరుకురసం తెచ్చి, మా అమ్మకు ఉత్తరంలో ‘మీ వాడు మంచిగున్నడు’ అని రాసినవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని ఎలాంటివాడికి చేశానో మీకు తెలియాలి.

వాడికి పోటీగా నిలబడ్డది కాచిగూడ కుర్రాడు. మా అందరిలో స్కూటరున్నది అతనికొక్కడికే కాబట్టి పేరు కూడా స్కూటరే. గెలిస్తే డిపార్ట్‌మెంటుకు వాటర్ కూలర్ తెప్పిస్తానన్నాడు. (ఎక్కడినుంచి తెస్తాడని ఎవరూ అడగలేదు. ఆ ఎండల్లో ఆ మాట వింటేనే చల్లగా ఉండేది.) భాయ్ నామినేషన్ వేసేముందు నా దగ్గరకొచ్చి, "నన్ను నువ్వే ప్రపోజ్ చెయ్యాలె. నువ్వు నా దిక్కున్నవంటే సగం గెలిచినట్టే" అన్నాడు. "ఇంకెవరు చేస్తారప్పా" అని నేను సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టేటప్పుడు నా మనసులో ఏ కల్మషమూ లేదు. ఆ మాట నేను ప్రమాణం చేసి చెప్పగలిగేది ఆ ఒక్క రోజు గురించే.

ఇక అసలు మనిషి దగ్గరకు వస్తాను. మా క్లాసులో తెనాలి అమ్మాయి ఒకామె ఉండేది. తల్లి, తండ్రి, ఇద్దరు అక్కలు టీచర్లే. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు కూడా చెప్పేది. మేమంతా ఆమెను టీచరమ్మ అనేవాళ్ళం. వారాసిగూడలో వాళ్ళ పిన్నిగారింట్లో ఉంటూ బస్సులో వచ్చి, మొదటి బెంచీలో కుడివైపు కూర్చునేది. ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎందుకని అడిగితే సరైన కారణం చెప్పలేను, కాని కారణాలు మాత్రం చాలా ఉండేవి. నేను రెండు పేజీలు రాసి తేల్చిన లెక్కను ఆమె ఏడు లైన్లలో తేల్చేది. ఆమె పెన్సిలు ఎప్పుడూ చెక్కి ఉండేది. నేను సమాధానం చెబితే శాంప్లింగ్ సారు "ఊఁ" అనేవారు, ఆమె చెబితే "గుడ్" అనేవారు. ఆ ఊఁకీ గుడ్‌కీ మధ్య ఉన్న దూరాన్ని నేను రోజూ తార్నాకదాకా నడుస్తూ కొలుచుకునేవాణ్ణి. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, నేనామెను పోటీ అనుకుంటున్నానని ఆమెకు తెలియనే తెలియదు. ఎదురుపడితే "బావున్నారాండీ" అని నిజంగానే అడిగేది. అసూయపడేవాడికి అవతలివాళ్ళు కనీసం ఒక్కసారైనా ముఖం చిట్లిస్తే కొంత ఊరటగా ఉంటుంది. ఆమె నాకు ఆ ఊరట కూడా ఇవ్వలేదు.

నామినేషన్లు అయిన మర్నాడు శాంప్లింగ్ సారు క్లాసులో ఒక పరీక్ష పెట్టారు. "ఎన్నిక ఎవరు గెలుస్తారో, ఎన్ని ఓట్లతో గెలుస్తారో అంచనా వేసి సోమవారం కవరులో పెట్టి ఇవ్వండి. ఫలితం వచ్చాక విప్పుతాను. సరిగ్గా చెప్పినవాళ్ళను వేసవిలో నా సర్వే ప్రాజెక్టులో వేసుకుంటాను. ఒక్కరికే చోటుంది. ఇద్దరు ముగ్గురు కరెక్టుగా చెబితే, ఓట్ల లెక్కలో ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళకే." ఆ ప్రాజెక్టులో చేరినవాళ్ళకు ఉద్యోగాలు త్వరగా వస్తాయని సీనియర్లు చెప్పుకునేవారు. సారు ఈ మాటలు చెబుతున్నంతసేపూ నేను బోర్డు వైపు చూడలేదు, మొదటి బెంచీ కుడివైపు చూస్తున్నాను. ఆమె అప్పటికే రాసుకుంటోంది.

నేను పుస్తకంలో చెప్పినట్టు ర్యాండమ్ నంబర్ల పట్టిక తీసి, చీట్లు తీసినట్టు పన్నెండు మందిని ఎంచి, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగాను. ఏడుగురు భాయ్, ఐదుగురు స్కూటర్. నా స్నేహితుడు గెలుస్తున్నాడు, పైగా నా శాస్త్రం కూడా ఆ మాటే చెబుతోంది. కవరులో భాయ్ పేరు రాసి అంటించి, సంతోషంగా క్యాంటీనుకు వెళ్ళాను. అక్కడ టీచరమ్మ ఎదురైంది.

"మీ రూమ్మేటే గెలుస్తారండీ," అంది. "చాలా దగ్గరగా ఉంది, కానీ గెలుస్తారు."

"మీ శాంపిల్ ఎంతండీ?" అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

"శాంపిల్ లేదండీ. ఎనభై ఒక్కమందే కదా. అందరినీ కనుక్కుంటున్నాను."

ఎనభై ఒక్కమందినీ అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. (పన్నెండు మందిని అడిగి ఎనభై ఒక్కమంది మనసు చెప్పడమే మా శాస్త్రం గొప్పతనమని నమ్మినవాణ్ణి. అందరినీ అడిగేదైతే శాస్త్రమెందుకు?) ఇద్దరం భాయ్ పేరే రాస్తే ఓట్ల లెక్కలో ఆమెదే దగ్గరగా ఉంటుంది. సారు మళ్ళీ గుడ్ అంటారు. వేసవంతా ఆమె సారు పక్కన తిరుగుతుంది, నేను అనంతపురంలో మా పెద్దమ్మకు స్టేషన్ల సంగతులు చెబుతూ కూర్చుంటాను. ఆమెను దాటాలంటే నాకు మిగిలిన దారి ఒక్కటే. ఆమె తప్పు కావాలి. గదికి వచ్చి కవరు చించి, కొత్త కాగితంమీద ‘స్కూటర్, స్వల్ప ఆధిక్యం, ఒకటి రెండు ఓట్లు’ అని రాసి అంటించాను. పక్కనే భాయ్ కూర్చుని పోస్టర్లకోసం మైదా ఉడకబెడుతున్నాడు. "ఏం రాసినవ్?" అని అడిగాడు. "అది సీక్రెటప్పా" అన్నాను. "మంచిదే, రూల్ రూలే" అన్నాడు వాడు, గరిటె తిప్పుతూ.

తర్వాతి నాలుగు రోజులు నేను భాయ్‌తో ప్రచారానికి తిరిగాను. మాట సాయం చేస్తూనే ఉన్నాను గాని, నా మాటల్లో ఏదో తేడా వచ్చింది. "భాయ్ మంచోడు" అనాల్సిన చోట "భాయ్ కూడా మంచోడే" అనేవాణ్ణి. ఫస్టియర్ అబ్బాయి ఒకడు వాటర్ కూలర్ సంగతేమిటని అడిగితే, "స్కూటర్ తెస్తే తేవచ్చులే, అతనికి పలుకుబడి ఉంది" అన్నాను. భాయ్ నా వైపు చూసి, "నువ్వు మరీ నిజాయితీగ మాట్లాడుతున్నవ్. గందుకే నీ మాట నమ్ముతరు" అన్నాడు.

ఎన్నిక రోజున ల్యాబులో మూలన ఒక బీరువా అడ్డంపెట్టి దాని వెనక ఓటు వేయించారు. నేను చీటీ పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, బీరువా వెనక్కు వెళ్ళేదాకా భాయ్‌కే వేయాలనుకున్నాను. అక్కడ నిలబడ్డాక చెవిలో సారు గొంతు వినిపించింది, గుడ్ అని. ఒక్క ఓటుతో ఏమవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. సంఖ్యాశాస్త్రంలో ఒక్క పరిశీలనకు విలువ లేదని పుస్తకంలోనే ఉంది కదా అనుకున్నాను. స్కూటర్ పేరు పక్కన టిక్కు పెట్టి, చీటీని అవసరమైనదానికన్నా రెండు మడతలు ఎక్కువ మడిచి డబ్బాలో వేశాను. బయట భాయ్ నా భుజమ్మీద చెయ్యి వేసి, "అయిపోయిందా? పా, చాయ్ తాగుదాం" అన్నాడు.

స్కూటర్‌కు నలభై ఒకటి, భాయ్‌కు నలభై. మూడుసార్లు లెక్కపెట్టారు. మొదటిసారి లెక్కపెడుతున్నప్పుడు నా మడతల చీటీని సారు విప్పలేక గోటితో లాగడం చూశాను. తర్వాత కవర్లు విప్పారు. క్లాసు మొత్తంలో స్కూటర్ పేరు రాసినవాళ్ళు ముగ్గురు. తేడా కూడా సరిగ్గా చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. సారు నా కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు సర్దుకుని, "గుడ్" అన్నారు. ఏడాదిన్నర ఎదురుచూసిన మాట. పైగా అంచనా ఎలా వేశావో చెప్పమన్నారు. నేను లేచి, మనుషులు అడిగినప్పుడు ఒకటి చెప్పి వేసేటప్పుడు ఒకటి వేస్తారని, ఆ దోషాన్ని సవరించి లెక్కగట్టానని చెప్పాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

భాయ్ ఓడినవాడిలా లేడు. ఆ సాయంత్రం నన్ను తార్నాక ఇరానీ హోటలుకు లాక్కుపోయి, సమోసాలు తెప్పించి, వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించాడు. "నేనోడిపోతనని మావోడు ముందే రాసిండు. దోస్తని చూడలే. గట్లుండాలె సైన్సంటే." నేను సమోసా తినలేకపోయాను. వాడు నా సమోసా కూడా తిన్నాడు.

మర్నాడు క్లాసయ్యాక టీచరమ్మ నా దగ్గరకొచ్చింది. చేతిలో నోటు పుస్తకం. అందులో ఎనభై ఒక్క పేర్లు, ఒక్కొక్క పేరు పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు. కోపంగా లేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కునే మనిషి ముఖమే అది.

"నా లెక్కలో భాయ్‌గారికి నలభై ఒకటి, అవతల నలభై," అంది. "ఒకే ఒక్క చోట తప్పానండీ."

"అబద్ధం చెప్పుంటారు ఎవరో," అన్నాను.

"చెప్పలేదండీ. అందరినీ అడిగాను, ఒక్కళ్ళని తప్ప. వాళ్ళని అడగక్కర్లేదనుకున్నాను." పుస్తకం మూసింది. "అందరినీ అడగాలని ఇప్పుడు తెలిసింది." అంతే అని, బస్సు వచ్చే వేళయిందని వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు, ఎవరితోనూ అనలేదు కూడా. అప్పటికీ నాకామె మీద అసూయే కలిగింది. నేనైతే నోటీసు బోర్డులో పెట్టి ఉండేవాణ్ణి.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడోరోజు సారు గదికి వెళ్ళి, నా శాంపిల్ చెప్పింది ఒకటి, నేను రాసింది ఒకటి, ఆపైన నా ఓటు కూడా రాసినదాని వెంటే పోయిందని చెప్పేశాను. "ముప్ఫై ఏళ్ళుగా దోషాలగురించి పాఠం చెబుతున్నానయ్యా. దీనికి మాత్రం మా పుస్తకాల్లో పేరు లేదు" అన్నారు. వేసవి ప్రాజెక్టులో చోటు టీచరమ్మకు వెళ్ళింది.

గదికి వచ్చి భాయ్‌కు చెప్పడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. వాడు బియ్యం కడుగుతున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాక కడగడం ఆపలేదు, అయిపోయాక కూడా ఆపలేదు. ఆ బియ్యం అన్నిసార్లు ఎప్పుడూ కడిగి ఉండడు. ఒక్కడికి సరిపడా వండుకుని తిన్నాడు. మర్నాడూ అంతే. నేను రెండు రోజులు ఇరానీ హోటల్లో బన్ను తిని బతికాను. మూడో రోజు పొద్దున స్టవ్ దగ్గరనుంచి తలెత్తకుండా అడిగాడు: "ఒక్క మాట చెప్పు. ఆ పిల్ల మీద ఏడుపేనా, నా మీద గూడ ఉండెనా?"

నేను లేదనబోయాను. నోటిదాకా వచ్చింది. కాని ఆ ప్రశ్న నన్ను నేను ఎన్నడూ అడుక్కోలేదు, అడిగాక చూసుకుంటే జవాబు అక్కడే ఉంది. డిపార్ట్‌మెంటులో అటెండరు దగ్గరనుంచి హెడ్ దాకా అందరూ భాయ్ భాయ్ అంటుంటే, మెట్లమీద వాడి పక్కన నడుస్తున్న నన్ను ఎవరూ గమనించేవారు కాదు. సంతకం పెట్టిన రోజున కల్మషం లేదని పైన రాశాను కదా, అది కూడా కొంచెం సవరించుకోవాలి.

"నీ మీద కూడా ఉండెనప్పా, కొంచెం," అన్నాను.

వాడు ఇంకో గ్లాసు బియ్యం పోశాడు. "గట్లయితే సరే," అన్నాడు. "ఉత్తగ ఆ పిల్ల మీద ఏడ్చి నన్ను ఓడగొట్టినవంటే నాకు నామోషీ అయితుండె."

ఆ వేసవిలో ఒకరోజు బస్సులో పోతూ, గోల్నాకలో ఒక ఇంటి గడప ముందు టీచరమ్మ నిలబడి ఉండటం చూశాను. చేతిలో అట్ట, దానిమీద కాగితాలు, ఎదురుగా ఒక ముసలావిడ ఏదో చెబుతుంటే తలూపుతూ రాసుకుంటోంది. ఆ ఇల్లు దాటితే పక్కింటికి వెళుతుంది, ఏ ఒక్క ఇంటినీ వదలదు. బస్సు కదిలేదాకా చూశాను. పశ్చాత్తాపపడినవాడికి అసూయ పోతుందని అంటారు. నాకైతే రెండూ పక్కపక్క సీట్లలో కూర్చుని వచ్చాయి.

ఇప్పుడు నేను సర్వేల ఆఫీసులోనే రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. ఏ ఎన్నికలొచ్చినా చుట్టాలు ఫోన్ చేసి ఎవరు గెలుస్తారని అడుగుతారు. తెలియదంటాను, వాళ్ళు అది నా వినయమనుకుంటారు. నిజానికి ఎవరైనా సరిగ్గా చెప్పారని వినగానే ఇప్పటికీ లోపల ఎక్కడో సన్నగా గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకోవడంతోపాటే, బీరువా వెనక చీటీ పట్టుకుని, తన ఒక్క ఓటుకు విలువ లేదని శాస్త్రం సాయంతో నమ్మించుకుంటున్న ఆ సన్నటి కుర్రాడు కళ్ళముందు నిలబడతాడు. వాణ్ణి కోప్పడదామనుకుంటాను గాని, వాడి వయసు చూసి నవ్వొస్తుంది.